కంది చేలో మంద, గట్టు మీద తోడేలు

రాత్రి మూడో జాము దాటింది. ఉత్తరాన చిట్గుప్ప దీపాలు మసగ్గా కనిపిస్తున్నాయి. ఇంకాస్త అవతల హైదరాబాదు–సోలాపురం రహదారి మీద లారీల హోరు సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది. ఆ దీపాలకూ మీకూ మధ్య కోత అయిపోయిన కంది చేలు, వాటిలో మిగిలిన మోళ్లు. కర్ణాటకలోని బీదరు జిల్లా, జనవరి నెల. బీదరు పీఠభూమి రెండువేల అడుగులకు పైన ఉంటుంది కాబట్టి గొంగడి కప్పుకున్నా ఇక్కడి చలి వదలదు. మీరు పడుకున్న చోటికి నాలుగు బారల దూరంలో గుంజలు పాతి నైలాను వల కట్టారు. వల లోపల మంద.

నిద్ర పట్టదు. గొర్లు నెమరేసే చప్పుడు అదేపనిగా చెవిన పడుతుంటుంది. ఒక పిల్ల తల్లిని వెతుక్కుంటూ అరుస్తుంది, తల్లి జవాబిస్తుంది, మళ్లీ నెమరు. పెంటికల వాసన, మంచుకు తడిసిన ఉన్ని వాసన, ఆరిన పొయ్యిలోంచి కంది కట్టె పొగ. ఈ చేను ఆసామి మంద ఆపించుకున్నాడు. రాత్రికి ఇంతని డబ్బో జొన్నలో ఇస్తాడు, తెల్లారేసరికి చేను నిండా ఎరువు పడుతుంది. దక్కనులో కాపుకూ గొల్లకురుమలకూ మధ్య తరతరాలుగా నడుస్తున్న ఒప్పందమిది.

ఉన్నట్టుండి నెమరు ఆగిపోతుంది.

ఒకటి రెండు కాదు, మంద మొత్తం. చప్పుడు ఆగడం వల్ల మీరు కళ్లు తెరుస్తారు. పక్కన మంద కాసే పెద్దాయన అప్పటికే లేచి కూర్చున్నాడు. గొర్ల తలలన్నీ దక్షిణం వైపు తిరిగి ఉన్నాయి.

"లెవ్వకు సారూ. కూసోనే చూడు," అంటాడు గుసగుసగా.

ఆయన మనవడు తలకు కట్టుకున్న టార్చిలైటు వేస్తాడు. వెలుగు మోళ్ల మీదుగా పాకి గట్టు దాకా పోతుంది. గట్టు మీద రెండు కళ్లు, పచ్చగా. కదలవు. మీరు ఊపిరి బిగబట్టి చూస్తుండగానే మాయమవుతాయి. అదే క్షణాన మీ వెనక, పూర్తిగా అవతలి వైపున, గుంజ విరిగిన చప్పుడు, డెక్కల హోరు, మనవడి కేకలు. పెద్దాయన దుడ్డుకర్ర అందుకుని పరుగెడతాడు. మీరూ పరుగెడతారు, ఎటో తెలియకుండానే. మంద కుక్క గొంతు చించుకుంటూ చీకట్లోకి దూకి, ఎంతో దూరం పోకుండానే వెనక్కి వస్తుంది.

కాసేపటికి అంతా సద్దుమణుగుతుంది. మనవడు లెక్క చూస్తాడు. అతను అంకెలు లెక్కపెట్టడు, ముఖాలు చూస్తాడు. ఏ తల్లి పక్కన ఏ పిల్ల ఉండాలో అతనికి తెలుసు. చివరికి ఒక నల్ల గొర్రె దగ్గర ఆగుతాడు. అది వల అంచున నిలబడి చీకటికేసి అరుస్తోంది.

"దీని పిల్ల లేదు తాతా."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

పెద్దాయన టార్చి తీసుకుని మందలోకి దిగుతాడు. ఒక్కొక్క గొర్రె వెనక తొడలు తడిమి చూస్తాడు, తోక ఎత్తి చూస్తాడు. బయటికి వచ్చాక చెబుతాడు: "కుక్కలైతే పది గొర్లను కొరికి పోతుండె. తొడలు చీరుతయి, తినవు, ఊకె కొరుకుతయి. ఇది గట్ల గాదు. ఒకటి ముంగట నిలవడి మన చూపు దాని దిక్కు తిప్పుకున్నది. ఇంకోటి ఎనక నుంచి వచ్చి పిల్లను ఎత్తుకపోయింది. తోడేలే."

ఆ గొంతులో కోపం ఉంది. తెలిసినవాడి పనితనాన్ని గుర్తుపట్టిన మనిషి స్వరం కూడా ఉంది.

మనవడు ఒప్పుకోడు. ఊరి బయట కోళ్ల వ్యర్థాలు పోసే చోట కుక్కలు ఎన్ని పెరిగాయో తాను రోజూ చూస్తున్నానంటాడు. కుక్కలా, తోడేలా? ఈ ప్రశ్నకు జవాబు వాళ్లకు డబ్బుతో ముడిపడి ఉంది. అడవి జంతువు చంపిందని తేలితే అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. కుక్కలు చంపితే ఆ శాఖకు సంబంధం లేదు. తోడేలుకైతే ఈ జవాబు ప్రాణంతో ముడిపడి ఉంది. కుక్కలు చేసిన పనికి కూడా దాని మీదే పగ పడుతుంది.

తెల్లారడానికి ఇంకా వేళ ఉంది. మూడు రాళ్ల పొయ్యి మళ్లీ రాజుకుంటుంది, టీ గిన్నె ఎక్కుతుంది. దక్షిణం నుంచి ఒక గొంతు లేస్తుంది. నక్కల గోల కాదది. ఒకే గొంతు, తొందర లేకుండా సాగి, చివర కిందికి దిగి తెగిపోతుంది. మహారాష్ట్రలో తోడేళ్ల గొంతులు రికార్డు చేసిన సౌగత సాధుఖాన్, బిలాల్ హబీబ్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మన తోడేలు కూత సగటున ఐదు సెకన్లు ఉంటుంది. ఐదు సెకన్లంటే తక్కువనిపిస్తుంది. చలిలో, చీకట్లో, వల చినిగిన మంద పక్కన కూర్చుని వింటే అది చాలా పొడుగు. తల్లి గొర్రె కూడా వింటోంది. అరవడం మానేసింది.

"ఎన్నున్నయంట సారూ, దేశం మొత్తం మీద?" అని పెద్దాయన అడుగుతాడు.

మీరు మూడు వేలంటారు. భారత వన్యప్రాణి సంస్థకు చెందిన యాదవేంద్రదేవ్ ఝాలా బృందం 2022లో వేసిన అంచనా సుమారు 3,170. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య, అంటే ఐయూసీఎన్, 2025లో తొలిసారి భారతీయ తోడేలును విడిగా లెక్కలోకి తీసుకుని, ఇండియా, పాకిస్థాన్ రెండింటిలో కలిపి 2,877 నుంచి 3,310 మధ్య ఉంటాయని చెప్పి, ముప్పు ఎదుర్కొంటున్న వాటి జాబితాలో చేర్చింది. అంతకు ముందు దాకా ప్రపంచంలోని బూడిదరంగు తోడేళ్లన్నిటితో కలిపి చూసేవాళ్లు. కెనడాలో, రష్యాలో, ఐరోపాలో ఉన్నవన్నీ కలిస్తే తోడేలుకు పెద్ద ప్రమాదం లేదనే తేలేది. ఆ పెద్ద లెక్క చాటున దక్కను తోడేలు కనబడకుండా పోయింది.

పెద్దాయన టీ ఊదుకుంటూ అంటాడు: "ఈ ఒక్క తాలూకల గొర్లే గంతకన్న ఎక్కువుంటయి."

2022 గణనలో దేశంలో పులులు 3,682. తోడేలు పులి కంటే తక్కువగా ఉందన్న మాట మన ఇళ్లలో ఎవరికీ తెలియదు. పులికి 1973 నుంచి ఒక ప్రాజెక్టు ఉంది, రిజర్వులున్నాయి, కెమెరాలున్నాయి, నాలుగేళ్లకోసారి గణన ఉంది. తోడేలుకు ఈ చేను ఉంది, ఆ గట్టు ఉంది, ఈ పెద్దాయన ఓపిక ఉంది.

తూరుపు తెల్లబడుతోంది. మనవడిని మంద దగ్గర ఉంచి, పెద్దాయన వెంట మీరు గట్టు ఎక్కుతారు. ఎర్రటి జేగురు నేల. పాదం కింద గులకలు కరకరలాడుతాయి. ఒక పక్క నల్లరేగడిలో యాసంగి జొన్న నడుమెత్తున నిలబడి ఉంది, ఇంకో పక్క బోరు కింద చెరకు. మధ్యలో ఎవరూ దున్నని బీడు. తంగేడు, రేగు, అక్కడక్కడా సీతాఫలం పొదలు, ఎండిన గడ్డి. తీతువు ఒకటి మీ అలికిడికి లేచి అరుచుకుంటూ చుట్టూ తిరుగుతుంది. దూరాన కృష్ణజింకలు నాలుగైదు కంది మోళ్లలో నిలబడి మిమ్మల్నే చూస్తున్నాయి.

పెద్దాయన ఆగి కర్రతో చూపిస్తాడు. వాగు ఒడ్డున మెత్తటి మన్నులో అడుగులు. కుక్క అడుగు కంటే పొడుగు, ముందరి రెండు వేళ్లు పెద్దవి. ఒకదాని ముందు ఒకటి దారం పట్టి వేసినట్టు ఒకే గీతలో పోతున్నాయి. కుక్కైతే అటు వాసన చూసి, ఇటు తిరిగి, వంకరటింకరగా నడుస్తుంది. తోడేలు పని మీద పోతుంది. అయినా ఒక్క అడుగు చూసి తేల్చడం నిపుణులకైనా కష్టమే. పెద్ద ఊరకుక్క అడుగు తోడేలు అడుగులాగే పడగలదు. అందుకే ఆయన అడుగు చూడడు, దారి చూస్తాడు. "కుక్క అడుగులు ఊరి దిక్కు పోతయి. ఇవి చూడు, చించోళి దిక్కు."

చించోళి అడవి ఇక్కడికి దక్షిణాన. కలబురగి జిల్లాలోని ఆ మెట్ట అడవిని 2011లో అభయారణ్యంగా ప్రకటించారు. పడమరగా పోతే సోలాపురం దగ్గర నన్నజ్ గడ్డిమైదానాలు. తూర్పున జహీరాబాదు, నారాయణఖేడ్. నిజాం కాలంలో చిట్గుప్ప పాయిగా ప్రభువుల జాగీరు, జహీరాబాదు ఇదే బీదరు జిల్లాలోది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు గీత మధ్యలో పడింది. మందలు ఆ గీతను నేటికీ పట్టించుకోవు. పెద్దాయన మాట తెలుగులో మొదలై కన్నడంలోకి జారి దక్కనీ ఉర్దూలో ముగుస్తుంది. తోడేళ్ల తిరుగుడూ అంతే, అభయారణ్యం హద్దు తెలియదు, రాష్ట్రం హద్దు తెలియదు. భారతీయ తోడేలు తిరిగే నేలలో రక్షిత ప్రాంతాల కిందికి వచ్చేది సుమారు 12 శాతమే. మిగతాదంతా ఇట్లాంటి చేలూ బీళ్లే.

ఆ బీడు మధ్యకు వచ్చాక పెద్దాయన చేయి మీ ఛాతీకి అడ్డం పెడతాడు.

ఆమె అక్కడే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. ఎండుగడ్డి రంగు ఒళ్లు, వీపు మీద నల్లచాయ, పొడుగు కాళ్లు, వేలాడే తోక. మీరు ఊహించుకున్నంత పెద్దది కాదు. పట్నంలో పెంచే అల్సేషియన్ కంటే చిన్నది, ఇరవై కిలోలు దాటితే ఎక్కువ. హిమాలయపు తోడేలుకుండే ఒత్తు బొచ్చు దీనికి లేదు, ఎండల దేశపు జంతువు. పక్కకు తిరిగినప్పుడు పొట్ట కింద పాలతో దిగిన పొదుగు కనిపిస్తుంది. పెద్దాయన కూడా అదే చూశాడు. మన తోడేళ్లు వానాకాలం వెళ్లాక జతకడతాయి, రెండు నెలల తర్వాత, చలికాలంలో ఈనుతాయి. ఎక్కడో దగ్గర్లోనే బొరియలో పిల్లలున్నాయి. రాత్రి పోయిన గొర్రెపిల్ల వాటి దగ్గరికే పోయి ఉండాలి.

ఆమె మిమ్మల్ని చూసి పరుగెత్తదు. నాలుగడుగులు వేసి, ఆగి, తల వెనక్కి తిప్పి చూసి, జొన్నలో కలిసిపోతుంది. ఆకులు కూడా కదలవు.

ఈ తోడేలును శాస్త్రానికి పరిచయం చేసింది దక్కను నేలే. బొంబాయి ప్రభుత్వం పనిమీద ఇక్కడ తిరిగిన సైనికాధికారి విలియం హెన్రీ సైక్స్ 1831లో దీన్ని వర్ణించి పల్లిపెస్ అని పేరు పెట్టాడు. దీని వంశం మిగతా తోడేళ్ల కంటే చాలా పాతదని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2000ల దశకంలోనే జన్యువులు పరీక్షించి చెప్పారు. 2021లో లారెన్ హెన్నెల్లీ బృందం మొత్తం జన్యుపటం చదివి, బతికున్న బూడిదరంగు తోడేళ్లలో అన్నిటికంటే ముందు విడిపోయిన శాఖల్లో ఇది ఒకటని నిర్ధారించింది. ఇప్పుడు ఈ జొన్న చేలోకి నడిచి వెళ్లింది అట్లాంటి ప్రాణి. ఇది పోతే ఐరోపా నుంచో అమెరికా నుంచో మరొక తోడేలును తెచ్చి దీని చోట నిలబెట్టలేం.

బీడు దాటుతుంటే తెల్లటి హద్దురాళ్లు కనిపిస్తాయి, వరుసగా, సున్నం కొట్టినవి. ప్లాట్లు. రాళ్ల మధ్య గడ్డిని ట్రాక్టరుతో గీకేశారు. పెద్దాయన వాటిని చూడకుండానే దాటిపోతాడు. నిరుడు ఇక్కడే మేపానంటాడు. రెవెన్యూ కాగితాల్లో ఈ నేల బంజరు. దేశమంతటి బంజరు భూముల అట్లాసును తయారు చేసేది కేంద్ర భూవనరుల శాఖ, దానికి ఉపగ్రహ చిత్రాలు చదివిపెట్టేది మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. 2019 అట్లాసులో దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం ఆ పేరుతోనే ఉంది. పొదలున్న బీడు, గడ్డి నేల, రాతి గుట్ట అన్నీ అందులోకే వస్తాయి. గొర్రె మేసేది, కృష్ణజింక ఈనేది, తోడేలు బొరియ తవ్వుకునేది అక్కడే. కాగితం మీద మాత్రం అది ఎవరికీ పనికిరాని నేల. ఇక దాని మీదికి సోలారు పలకలు వస్తాయి, నీలగిరి తోట వస్తుంది, క్వారీ వస్తుంది, కార్ఖానా వస్తుంది. సరిహద్దు అవతల ఝరాసంగం, న్యాలకల్ మండలాల్లో జహీరాబాదు పారిశ్రామిక మండలికి గీసిన హద్దు 12,600 ఎకరాలకు పైమాటే. రైతు భూమి పోతే ఎంతో కొంత పరిహారం గురించి మాట్లాడతారు. తోడేలు ఇల్లు పోయిందని ఏ ఫైలులోనూ రాయరు.

మన చట్టంలోని లోటు ఇదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానంగా. చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. జంతువును ముట్టుకోవద్దని చట్టం గట్టిగానే చెప్పింది. అది నిలబడిన నేలను దున్నవచ్చు, తవ్వవచ్చు, కంచె వేయవచ్చు. కర్నూలు వైపు రోళ్లపాడులో మనం దీని ఫలితం ఒకసారి చూశాం. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. కంచె లోపల ఆరు చదరపు కిలోమీటర్లు కాపాడుతుండగా కంచె బయట కాలువలు వచ్చాయి, పంటలు మారాయి, అలగనూరు జలాశయం కింద జింకలు తిరిగే మైదానం మునిగింది. పిట్ట వెళ్లిపోయింది. ఆ మైదానాల్లో కూడా తోడేళ్లు తిరిగేవి.

వాగు మలుపులో ఒడ్డు నిటారుగా ఉంది. దాని నడుమ, వేప వేళ్ల కింద, ఒక గుంత. మనిషి భుజాలు పట్టేంత. పెద్దాయన దూరంగానే నిలబడిపోతాడు. మీరు వంగి చూస్తారు. లోపల చీకటి, పాత ఎముక ముక్కలు. గుంత పైకప్పు మీద నల్లగా మసి పట్టి ఉంది. అంచున సగం కాలిన కంది కట్టెలు, ఎన్నో వానలకు తడిసి ఎండినవి.

"మేమే," అంటాడు ఆయన, మీరు అడగకముందే. "చాన ఏండ్లాయె. మా మందల ఒక్క నెలల ఆరు పిల్లలు పోయినయి. నేను, మా తమ్ముడు, ఇంకో ఇద్దరం. మిరపకాయలు ఏసి పొగ పెట్టినం. బయటికి రాలేదు ఒక్కటి గూడ. లోపల్నే అరిసినయి." కాసేపు ఆగి మళ్లీ అంటాడు: "ఆ రాత్రి తల్లి వచ్చి ఈడనే కూసోని అరిసింది. మంద మీదికి రాలేదు. అరిసింది."

ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. బ్రిటిషు ప్రభుత్వం తోడేలు తలకు, పిల్లకు వెల కట్టి బహుమతులు ఇచ్చింది. 1875 నుంచి 1925 దాకా ఆ యాభై ఏళ్లలో రెండు లక్షల తోడేళ్లు చచ్చాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టాడు. బొరియకు పొగ పెట్టడం, చచ్చిన గొర్రె మీద విషం చల్లడం అప్పటి నుంచీ ఉన్నవే. బహుమతులు పోయాయి, పొగ మిగిలింది. దాన్ని జైలు భయంతో మాన్పించవచ్చని నేను నమ్మను. రాత్రంతా మెలకువగా ఉండి కూడా పిల్లను పోగొట్టుకున్న మనిషికి చట్టం చదివి వినిపిస్తే ఏమవుతుంది? మరోసారి ఎవరికీ చెప్పకుండా పొగ పెడతాడు.

"ముందుగాల పిల్ల పోతే దాని పాలు అది తిన్నదనుకునేటోళ్లం," అంటాడు పెద్దాయన తిరుగుదారిలో. "మంద పెద్దగ ఉండె, మనుషులు ఎక్కువుండిరి, రాత్రి వంతులేసుకుంటుంటిమి. ఇప్పుడు నేను, వీడు. వీడు గూడ వచ్చే ఏడు హైదరాబాదు పోతనంటడు." ఒక్క పిల్ల ధర ఇప్పుడు వేలల్లో ఉంది. నల్ల గొర్రె ఉన్నికి కొనేవాడు లేడు, గొంగడి నేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన పంచినప్పుడు చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి, కర్ణాటక నుంచి కూడా, లారీల్లో జీవాలు తరలిపోయాయి. గొర్రె మాంసం లెక్క అయిపోయింది. ఆ లెక్కలో తోడేలు వాటాకు చోటు తగ్గిపోయింది. ఇది గొర్రెలకాపరి తప్పని నేననలేను. తోడేలును ఇన్ని వందల ఏళ్లు మేపింది వాళ్ల మందలే. జింకలు తగ్గిన చోటల్లా దాని కడుపు నింపింది వాళ్ల పిల్లలే. ఆ ఖర్చును ఊరూ పట్నమూ ఒక్క రోజు కూడా పంచుకోలేదు.

చెరకు తోట మూల తిరిగేసరికి కాకుల గోల. గడ్డిలో నల్లటి ఉన్ని కుచ్చులు. గొర్రెపిల్ల. వెనక భాగం చాలావరకు తినేశాయి, తల, ముందు కాళ్లు మిగిలాయి. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని మెడ మీది ఉన్ని విడదీస్తాడు. గొంతు కింద నాలుగు గాట్లు, లోతుగా, శుభ్రంగా. తొడ దగ్గర మాత్రం చీల్చిన చర్మం, చిందరవందర. ఒక మాట కూడా అనకుండా ఆ రెండింటినీ వేలితో చూపిస్తాడు. చంపింది తోడేలు. ఆ తర్వాత వచ్చినవి వేరు.

వాటి జాడ వెతకనక్కర్లేదు. చెరకు గెనెం మీద అవే కూర్చుని ఉన్నాయి. ఐదారు ఊరకుక్కలు, మూతులు ఎర్రగా. వాటిలో ఒకటి మిగతావాటిలా లేదు. కాళ్లు పొడుగు, ముఖం సన్నం, ఒళ్లు మాత్రం లేత పసుపు. పెద్దాయన దాన్ని చాలాసేపు చూస్తాడు. "ఇది అటూ గాదు, ఇటూ గాదు."

చూపుతో తేలే విషయం కాదిది. కానీ ఆయన అనుమానం ఉత్తిది కాకపోవచ్చు. పుణె దగ్గర ఇట్లాగే పసుపు రంగు జంతువులు కనిపించాయి. గ్రాస్‌లాండ్స్ ట్రస్టు, ఏట్రీ, ఎన్‌సీబీఎస్ అనే సంస్థలు కలిసి జన్యుపరీక్ష చేసి అవి తోడేలుకూ కుక్కకూ పుట్టినవేనని 2023లో ధ్రువీకరించాయి. తోడేళ్లు తక్కువై జత దొరకనప్పుడు, కుక్కలు మందలుగా పెరిగినప్పుడు ఇది జరుగుతుంది. లక్షల ఏళ్ల వంశం కొన్ని తరాల్లో పలచబడిపోగలదు. కుక్కల నుంచి రేబీసు, డిస్టెంపరు కూడా వస్తాయి. తోడేలు బొరియలో ఒక్క పిల్లకు డిస్టెంపరు సోకితే ఆ ఏడు ఈత మొత్తం పోవచ్చు. తుపాకీ, పొగ, విషం కనబడే శత్రువులు. ఇది కనబడదు. ఊరి చివర పోసిన కోడి పేగుల్లోంచి పుడుతుంది.

మనవడు ఫోను పట్టుకుని వస్తాడు, మందను కాసేపు ఆసామి కొడుకుకు అప్పజెప్పి. ఫోనులో వీడియోలు చూపిస్తాడు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో తోడేళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయినప్పటివి. ఆ పిల్లలు నిజంగానే చనిపోయారు, ఆ తల్లుల భయం నిజం. కానీ ఆ వీడియోలు ఇక్కడి దాకా వచ్చి, ఈ తోడేలును కూడా పిల్లల్ని తినేదాన్ని చేశాయి. "మా అమ్మ ఫోన్ చేస్తది తాతా, చీకట్ల గట్టు దాటొద్దని." పెద్దాయన తన చిన్నప్పటి నుంచి ఈ గట్ల మీద ఒంటరిగా పడుకున్నవాడు. "గొర్రె మీదికే వచ్చింది, మనిషి మీదికి ఎన్నడు రాలే," అని మాత్రం అంటాడు.

తోడేలు కోసం ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. కొప్పళ జిల్లా గంగావతి దగ్గర బంకాపుర గుట్టల్లో కర్ణాటక ప్రభుత్వం ఈమధ్యే తోడేళ్ల కోసమే ఒక అభయారణ్యం ఏర్పాటు చేసింది, 822 ఎకరాలు. అక్కడ ఒక తోడేలు ఎనిమిది పిల్లల్ని ఈనిందన్న వార్త 2025 జనవరిలో వచ్చింది. ఆ వార్త చెప్పిన అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే ఈ బీదరు జిల్లా భాల్కి వారే. మంచి పని అది, చెయ్యవలసిన పని. అయితే 822 ఎకరాలను ఒక తోడేలు కుటుంబం ఒక్క రాత్రిలో దాటిపోతుంది. దాని అవతల మళ్లీ ఇట్లాంటి చేలే, ఇట్లాంటి మందలే. పరిహారం వారంలో చేతికి వస్తే, మందకు గట్టి ఇనుప జాలీ ఇస్తే, ఊరి చెత్తకుప్ప ఎత్తేసి కుక్కలకు టీకాలు వేస్తే, కాగితాల్లో బంజరని ఉన్నచోట మేత భూమి అని రాస్తే, చిట్గుప్ప పొలాలే అభయారణ్యం పని చేస్తాయి. అందుకు ఒక్క మనిషిని కూడా ఊరు విడిపించనక్కర్లేదు.

మనవడు మెడ మీది గాట్లకు, వాగు ఒడ్డున అడుగులకు ఫోటోలు తీసి ఫారెస్టు గార్డుకు పంపుతాడు. జవాబు వెంటనే వస్తుంది: ఎవరూ ముట్టుకోవద్దు, పశువుల డాక్టరును తీసుకుని పది దాటాక వస్తాను, పంచనామా చేయాలి. పెద్దాయన సూర్యుడి వంక చూస్తాడు. మంద ఆకలి మీద ఉంది, ఇప్పుడే తోలకపోతే ఎండ ముదురుతుంది. తల్లి గొర్రె పొదుగు బిగిసి ఉంది, దాన్ని పితికేయాలి. కుక్కలు గెనెం దిగి రెండడుగులు ముందుకు వచ్చాయి.

"నువ్వు మందను తోలుకపో," అంటాడు మనవడితో. "జొన్న దిక్కు పోకు. ఆడ తల్లున్నది. పొదుగు పితికినంక ఆ పాలు పారబొయ్యకు, రెండో ఈత గొర్రె పిల్లకు తాపు."

"నువ్వు తాతా?"

"నేనీడ ఉంట. ఈ కుక్కలు మెడ గూడ కొరికి పోతే, ఆ సారు వచ్చి కుక్కలే తిన్నయని రాసి పోతడు." ఆయన వంగి జేగురు రాళ్లు ఏరి గొంగడి కొంగులో వేసుకుంటాడు. మీవైపు తిరిగి, "సారూ, నువ్వు గూడ ఓ నాలుగు ఏరు," అంటాడు.